బేరి చెట్టుకు బుగ్గల బ్రష్షు

ముస్తాబుల కొట్టు నడిపే ఆ ఇల్లాలిని వీధంతా తళుకక్క అనేది. కొట్టు వెనక పెరట్లో ఆమెకో బేరిపళ్ళ చెట్టుంది. ఏటా విరగబూసేది, కాయ మాత్రం నిలిచేది కాదు. దానికి వేరే రకం బేరి పుప్పొడి తగలాలని మొక్కలమ్మే ఆయన చెప్పాడు. ఆ రకం చెట్టు ఆడపడుచు ఇంట్లో ఉంది కానీ, అది తొందరపడి ముందే పూసి రాల్చేసుకుంటుంది.

ఆ ఏడు తళుకక్క పట్టుబట్టి, అక్కడ మొగ్గలు విచ్చేవేళకు సంచీతో వాలింది.

“అయితే మగపెళ్ళివారం మేమన్నమాట,” అంది ఆడపడుచు కుర్చీలో వెనక్కి వాలి. “మా వాణ్ణి బాగా చూసుకోవాలి మరి.”

“ఫ్రిజ్‌లో పెడతాను వదినా. ఇంతకన్నా చల్లగా ఎవరు చూస్తారు?”

పూల కేసరాలను దువ్వెనతో రాల్చి, ఇంటికి తెచ్చి, కాగితం మీద నీడన ఆరబెట్టింది. పొడి ఎగిరిపోతుందని ఫ్యాను వెయ్యనివ్వలేదు. మొగుడు చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. పచ్చటి పొడి రాలాక చిన్న సీసాలో పోసి, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలు తోడిచ్చి, ఫ్రీజర్‌లో దాచింది. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరు ఫ్రిజ్ తలుపు తీసినా కొట్లోంచి “మెల్లిగా” అనే మాట వినిపించేది.

తీరా ఆమె చెట్టు ఎప్పుడు పూసింది? ఓ పెళ్ళికూతురు బలగంతో సహా కొట్లో దిగిన పొద్దున. పైగా మబ్బు కమ్ముకొస్తోంది, వాన పడితే పూలకు పొడి అంటదు. తళుకక్క సీసా తెచ్చి అద్దం ముందు పెట్టింది. చలి వదలకముందే మూత తీస్తే పొడి చెమ్మగిల్లి ముద్దయిపోతుంది. ఒక కన్ను సీసా మీద, ఇంకో కన్ను మబ్బు మీద వేసేసరికి పెళ్ళికూతురి మీద వేసేందుకు కన్నేమీ మిగల్లేదు.

“అక్కా, కాటుక చెవి దాకా పోయింది,” అంది పెళ్ళికూతురు నెమ్మదిగా.

తళుకక్క కుర్చీలో కూలబడి ఉన్నదంతా చెప్పేసింది.

పెళ్ళికూతురు తన మెడ చుట్టూ ఉన్న తువ్వాలు లాగి పారేసింది. “నీ దగ్గర బ్రష్షులెన్ని ఉన్నాయి?”

ఇంకేముంది, పెరడంతా సగం మొహాల జాతరైపోయింది. ఒకరికి ఒక్క కనుబొమ్మే ఉంది, ఇంకొకరికి పైపెదవికే రంగు. పెళ్ళికూతురు నిచ్చెనెక్కింది. ఆమె మేనత్త స్టూలెక్కి, దిగడం రాక, అక్కణ్ణుంచే అందినన్ని పూలకు పొడి అద్దింది.

“రుద్దకండి,” అని తళుకక్క చెట్టు చుట్టూ తిరిగింది. “పువ్వు నడుమ కాడల కొసన తాకించండి, చాలు.”

“బుగ్గకి అద్దినట్టేగా,” అంటూ మేనత్త విరగబడి నవ్వింది. స్టూలు ఊగింది, నలుగురూ పట్టుకున్నారు, వాళ్ళకీ నవ్వాగలేదు. ఆఖరి కొమ్మ అయ్యాకే చినుకు పడింది. ముక్కుల మీద పసుపుపచ్చ పొడితోనే అందరూ లోపలికి పరిగెత్తారు. ఆ పెళ్ళికూతురు పెళ్ళికి ఆలస్యంగానే వెళ్ళింది కానీ, అంత వెలిగే మొహాన్ని తళుకక్క తన చేత్తో ఎన్నడూ దిద్దలేదు.

రేకులన్నీ రాలిపోయిన కొన్నాళ్ళకు ఓ ఉదయం, స్నానం చేస్తున్న మొగుణ్ణి తువ్వాలుతోనే పెరట్లోకి లాక్కొచ్చింది.

“ఏదీ?” అన్నాడు కళ్ళలో సబ్బు తుడుచుకుంటూ.

“అదిగో కాయ, గోళీ అంత. ఆ పక్కన ఇంకోటి. ఆ పైన గుత్తే ఉంది.”

అతను చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకున్నాడు. “ముట్టుకోకూడదేమో కదూ?” అన్నాడు గుసగుసగా.

“నేను పొద్దున్నించీ ముట్టుకుంటూనే ఉన్నా,” అంది తళుకక్క.