సర్టిఫికెట్ లేని నేస్మిత్

"ఈ పాత జోడుతో ఇక నా వల్ల కాదు," అని ఇష్‌బెల్ మా గోల్ఫు క్లబ్బు నడవాలోని గోడ ఫోన్లో వాళ్ల అక్కతో అంటోంది. "కుడి పక్కంతా అరిగిపోయింది. నాలుగు చినుకులు పడితే కారడం మొదలు. పోటీ లోపల కొత్తది చూసుకోవాలి."

ఆవిడ మొగుడు మర్డో గిల్లాండర్స్ అప్పుడు బట్టలు మార్చుకునే గది తలుపు వెనక ఒంటికాలి సాక్సుతో నిలబడి ఉన్నాడు. సముద్రపు గాలి కిటికీ రెక్కను టపటపా కొడుతోంది. ఆవిడ నోట జోడుగా బయల్దేరిన మాట ఆ గాలికి కొట్టుకొచ్చి ఆయన చెవిలో జోడీగా దిగింది. చలికాలం నుంచి ఆయన కుడి భుజం అరిగి కిర్రుమంటోంది. వాన పడితే ముక్కు కారడం చిన్నప్పటి నుంచీ ఉన్నదే. అంతకన్నా రుజువు ఏం కావాలి? రెండో సాక్సు సంగతే మరిచి బార్‌లో నా పక్కకొచ్చి కూలబడ్డాడు.

"నన్ను మార్చేస్తోందిరా," అన్నాడు.

"నిన్ను మార్చడం అయ్యే పనా? మేమందరం చూసి వదిలేశాం," అన్నాను.

నవ్వలేదు. నవ్వే విషయమూ కాదు. మా పిట్‌కారో క్లబ్బులో సెప్టెంబరు జంటల పోటీ అంటే ఆలుమగలకు ఏటేటా పెట్టే పరీక్ష. ఇద్దరికీ ఒకటే బంతి. ఒక దెబ్బ ఆయనది, తర్వాతి దెబ్బ ఆవిడది. ఆయన ఇసుకగోతిలో పడేస్తే ఆవిడ తవ్వి తియ్యాలి, ఆవిడ కంపలో పడేస్తే ఆయన గీరుకుని తియ్యాలి. గోల కొంత, ఉఫ్ అని ఊదుకోవడం కొంత, కలిపితే గోల్ఫు. అంత గోలలోనూ మర్డో, ఇష్‌బెల్ పెళ్లయినప్పటి నుంచీ ఒక్క పోటీ మానలేదు. ఒక్కటీ గెలవనూ లేదు. మర్డోకి ఆ పోటీ పోతే ఏడాది పోయినట్టే.

"నీ బదులు ఎవరట?"

"ఇంకెవరు. ఆ పశువుల డాక్టరు."

మా ఊరి పశువుల డాక్టరు కాలు విరగ్గొట్టుకుంటే ఆయన బదులు వచ్చినవాడు టోర్కిల్ నేస్మిత్. పేరుకు నేస్మిత్, వచ్చిన వారానికే ఊరందరికీ నేస్తం. సాయంత్రాలు అతిథిగా మా క్లబ్బుకొచ్చి ఆడిపోయేవాడు. ఒకనాడు ఇష్‌బెల్ అతనితో కలిసి ఆడి ఇంటికెళ్లి, "అతను కొడితే చప్పుడే రాదు మర్డో, వెన్నలోకి కత్తి దిగినట్టు," అని సూపు చల్లారేదాకా చెప్పిందట. సూపు చల్లారింది గానీ మర్డో చల్లారలేదు. నన్నడిగితే అతని మీద కుళ్లు నాకూ ఉంది. నావి అతని జుట్టు మీద కళ్లు, మర్డోవి అతను కర్ర తిప్పే స్వింగు మీద కళ్లు, అంతే తేడా.

ఆ వారం కమిటీలో మర్డో లేచాడు. ఇకపై బయటివాళ్లెవరైనా హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ చూపిస్తేనే లోపలికి రానివ్వాలి అన్నాడు. హ్యాండిక్యాప్ అంటే ఆటగాడికి లెక్కలో ఇచ్చే రాయితీ దెబ్బలు. ఆ అంకె చిన్నదయ్యేకొద్దీ ఆటగాడు పెద్దవాడు. నిజమేనని అతని సొంత క్లబ్బు రాసిచ్చేదే ఆ సర్టిఫికెట్.

"ఎవడుపడితే వాడొచ్చి మన పచ్చిక దున్నుతున్నాడు," అన్నాడు మర్డో. "రేపు నాగలి భుజాన వేసుకొచ్చి ఇదే నా కర్ర అంటాడు."

మా కెప్టెన్ ఎల్‌స్పెత్ మన్కర్ బడిలో పెద్దపంతులమ్మగా చేసి మానేసిన మనిషి. కళ్లజోడు పైనుంచి చూసింది. "ఎవరి సంగతి మర్డో?"

"పేర్లెందుకు. అతిథులందరి సంగతీ."

"మనకిప్పుడున్న అతిథి ఒక్కడేగా," అన్నాను నేను.

మర్డో నా వైపు చూసిన చూపుకి నా చేతిలో బిస్కెట్టు విరిగింది. అతని మాటలో నిజం లేకపోలేదు. కిందటి వేసవిలో ఒక పెళ్లిబృందం వచ్చి, బంతిని తప్ప మిగతా అన్నిటినీ కొట్టింది. వాళ్ల వెనక క్లబ్బంతా మధ్యాహ్నందాకా నిలబడిపోయింది. అది నిజమేనని ఎల్‌స్పెత్ కూడా ఒప్పుకుంది.

"కానీ ఎన్ని దెబ్బల్లో ఆడతాడో చెబుతుందయ్యా సర్టిఫికెట్," అంది. "ఇసుకలో తన అడుగులు తను చెరిపి పోతాడా, వెనకవాళ్లకి దారిస్తాడా, అదెవరు చెబుతారు? ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలో కాగితం అడగడం నాకు నచ్చదు."

చివరికి మధ్యేమార్గం ఒకటి తేలింది. సర్టిఫికెట్ లేనివాడు కమిటీ మనిషితో ఒక ఆట ఆడాలి. ఆయన సరే అంటే తాత్కాలిక సభ్యత్వం, దానితోపాటు పోటీల్లో ఆడే హక్కు. కాదంటే ఇంతే సంగతులు. నేస్మిత్ సర్టిఫికెట్ సామానుతోపాటు పాత ఊళ్లో ఉండిపోయింది.

"పరీక్ష నేను పెడతా," అన్నాడు మర్డో.

"సభ్యత్వం ఉంది, సభ్యత లేదురా నీకు," అని చెవిలో అన్నాను. విననే లేదు. గిల్లాండర్స్ కదా, గిల్లుడు ఇంటిపేరులోనే ఉంది.

శనివారం ఆటకి సాక్షిగా నేనూ వెళ్లాను. నేస్మిత్ మొదటి దెబ్బ కొట్టాడు. నిజంగానే చప్పుడు రాలేదు. మర్డో కొట్టాడు. భుజం కిర్రుమంది, బంతి కుంటుకుంటూ పోయింది.

"భుజం నొప్పా?" అని అడిగాడు నేస్మిత్.

"గుర్రాల్ని చూసుకోండి," అన్నాడు మర్డో.

ఆ తర్వాత ప్రతి హోల్ దగ్గరా, అంటే బంతిని దించే ప్రతి గుంట దారిలోనూ, అదే వరస. అతను నడుము తిప్పితే మర్డో దవడ బిగిసేది. ఇసుకగోతిలో తన అడుగులు శుభ్రంగా చెరిపి పైకొస్తే, "చూపించుకోవడానికి," అని గొణిగేవాడు. వెనక ఇష్‌బెల్, ఎల్‌స్పెత్ ఆడుకుంటూ వస్తున్నారు. పెళ్లాం చూస్తోందా లేదా అని మర్డో మెడ తిప్పీ తిప్పీ భుజంతోపాటు మెడా పట్టేసింది.

సముద్రం పక్క హోల్ దగ్గర గాలి ఒక్కసారి తిరిగి, నేస్మిత్ బంతిని ఎత్తుకెళ్లి పసుపుపూల ముళ్లకంపలో పడేసింది. బంతి పోతే ఎదుటివాడు కూడా దిగి వెతకాలి. అది మా ఆట మర్యాద. ఐదు నిమిషాల్లో దొరక్కపోతే పోయినట్టే లెక్క. ముగ్గురం కంపలో దిగాం. నేస్మిత్ ఆ చివర, నేను మధ్యలో, మర్డో ఈ చివర.

మర్డో వంగి ఆగిపోయాడు. అతని బూటు పక్కనే, కొమ్మ కింద, తెల్లగా ఉంది. అతను చూశాడు. అతను చూడటం నేను చూశాను. కాలు అంగుళం జరిపితే చాలు, బంతి మట్టిలోకి, నేస్మిత్ లెక్క గంగలోకి, సెప్టెంబరు మళ్లీ ఇంటికి. ఈ కంప ఒకడి కొంప నిలబెట్టేలా ఉంది అనుకున్నాను.

నేస్మిత్ వెనక్కి చూసి, "ఆడవాళ్లు మనకోసం ఆగిపోయారు. పోయిందనుకుని కదులుదాం," అని చెయ్యి ఊపి వాళ్లకి దారిచ్చాడు. అప్పటికింకా టైము మిగిలే ఉంది.

మర్డో మొహం పన్ను పీకుతున్నట్టు అయింది. ఎంత కుళ్లయినా కడుపులో పెట్టుకోగలడు గానీ, కంటబడ్డ బంతిని కనబడలేదనడం అతనికి చేతకాదు.

"ఇక్కడుంది," అన్నాడు. తర్వాత ఇంకా గట్టిగా, ఎవరినో తిడుతున్నట్టు, "ఇక్కడే ఉందయ్యా నీ బంతి."

ఆట అయ్యాక క్లబ్బులో అందరి ముందూ ఎల్‌స్పెత్ అడిగింది. "ఏమంటావు మర్డో?"

"ఆడతాడు. నాకన్నా బాగా ఆడతాడు. మర్యాద కూడా ఉంది, అదే నాకు మరీ మంట." గ్లాసు బల్లమీద పెట్టి పెళ్లాం వైపు తిరిగాడు. "పాత జోడీతో నీ వల్ల కాదన్నావుగా. కుడి పక్క అరిగింది, వానొస్తే కారుతోంది అన్నావుగా. ఇదిగో కొత్తది. తీసుకో."

బార్ అంతా చెవులు రిక్కించింది. ఇష్‌బెల్ కుర్చీలో వెనక్కి వాలి కుడికాలు ఎత్తింది. బూటు అడుగు నోరు తెరిచింది. అందులోంచి తడి సాక్సు తొంగిచూసింది.

"జోడీ కాదయ్యా, జోడు," అంది. "అక్కతో చెప్పింది ఈ బూట్ల సంగతి."

మొదట ఎల్‌స్పెత్ నవ్వింది, తర్వాత గోడమీద గడియారం తప్ప అందరూ నవ్వారు. నేస్మిత్ మాత్రం, "అంటే ఈ పరీక్షంతా నా కోసం కాదా?" అని అమాయకంగా అడిగాడు.

"మీకోసమే," అంది ఇష్‌బెల్. "నాకూ ఒక పూట అనిపించింది, మిమ్మల్ని అడుగుదామా అని. భుజం నొప్పని ఈ మనిషి నోరు విప్పి చెప్పడు, నా మీద విసుక్కుంటాడు." మర్డో వైపు తిరిగింది. "ఇవాళ కంపలో నువ్వు బంతి పక్కన ఆగిపోవడం వెనకనుంచి నేనూ చూశాను. కాలు జరపలేదు. నీతోనే ఆడతాను. బేసి హోల్స్‌లో దూరం ఎక్కువ, నీ భుజానికి పడదు, వాటి మొదటి దెబ్బలు నావి. సరివి నీవి. సరేనా?"

"సరే," అన్నాడు మర్డో. అయినా అతని చూపు మాత్రం నేస్మిత్ గ్లాసు ఎత్తుతున్న మణికట్టు మీదే ఉంది. అదెంత తేలిగ్గా తిరిగిందో.