గుల్వెన్ కోపమంత దూరం

రొట్టెల బండి నడిపే సోయాజిక్ రోజూ పొద్దున్నే చేసే మొదటి పని, రాతికొమ్ము మొదట్లో, బస్‌స్టాప్ పక్కన ఉన్న పలక తుడిచి, లైట్‌హౌస్ ఆ రోజు ఎంత దూరంలో ఉందో సుద్దముక్కతో రాయడం. ఆ రాతికొమ్ము మామూలుగా కిలోమీటరున్నరే సముద్రంలోకి చొచ్చుకుని ఉంటుంది. దానిమీద ఎవరైనా కోపంగా నడిస్తే మాత్రం సాగుతుంది. మొగుడూ పెళ్ళామూ కీచులాడుకుంటూ వస్తే మూడు కిలోమీటర్లు. పన్నుల ఆఫీసు ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చినవాడికి ఐదు. ఒకసారి ఇద్దరు వియ్యపురాళ్ళు ఒకే కారెక్కితే పదకొండుకు సాగి, లైట్‌హౌస్ దగ్గర జరగాల్సిన పెళ్ళి మర్నాడు జరిగింది. ఫ్రాన్సు పడమటి కొసన, ఈ బ్రెతాన్ తీరంలో ఇలాంటివాటికి ఎవరూ నోరు తెరవరు. వెంట ఇంకో ఫ్లాస్కు కాఫీ తెచ్చుకుంటారంతే.

ఆ మంగళవారం పదకొండున్నరకి బస్సు దిగాడు గుల్వెన్. డెబ్భై ఎనిమిదేళ్ళు. సామాన్యుడు కాడు. నడిసముద్రంలో బండ మీద నిలబెట్టిన స్తంభంలో ఇరవై రెండేళ్ళు దీపం కాచాడు. తుపానుకి తలుపు ఊడిపోతే పదిహేడు రోజులు తన వీపునే తలుపుగా అడ్డుపెట్టాడు. పద్దెనిమిదో రోజున చొక్కా విప్పితే జేబులో బతికున్న పీత, దాని ముగ్గురు పిల్లలు.

దీపం కాచేవాళ్ళు అలాంటి స్తంభాన్ని నరకం అనేవాళ్ళు. దీవి మీదిదైతే త్రిశంకు స్వర్గం. గట్టు మీద, ఇల్లూ తోటా ఉన్న లైట్‌హౌస్ అసలు స్వర్గం. ముప్ఫై ఒక్కేళ్ళ కిందట ఈ కొమ్ము చివరి స్వర్గంలో ఒక్క ఉద్యోగం ఖాళీ అయింది. నరకంలో ఉన్నది ఇద్దరు: గుల్వెన్, వాడి జోడీ ఎఫ్లామ్. ఎఫ్లామ్ గుప్పిట్లో రెండు అగ్గిపుల్లలు పెట్టి, "పొట్టిది తీసినవాడు ఇక్కడే ఉండాలి" అన్నాడు. గుల్వెన్ తీసింది పొట్టిది. రెండోది చూపించకుండానే ఎఫ్లామ్ సముద్రంలోకి విసిరేశాడు.

ఆ రోజు నుంచి మాటల్లేవు. ఈ మధ్యాహ్నం పన్నెండింటికి ఎఫ్లామ్‌ని వాళ్ళమ్మాయి ఎనోరా నగరంలో వృద్ధాశ్రమానికి తీసుకుపోతోందని కబురు తెలిసింది. మొహమ్మీద "దొంగా" అనడానికి మిగిలింది అరగంట.

గుల్వెన్ నడిచాడు. లైట్‌హౌస్ చెయ్యి చాపితే అందేలా కనిపిస్తోంది. వంద అడుగులు వేశాక చూస్తే ఇంకాస్త వెనక్కి జరిగింది. ఇంకో వంద వేస్తే సన్నబడింది. తెలుసు వాడికి, ఎందుకలా అవుతోందో. ఊపిరి బిగపట్టాడు. చచ్చిపోయిన పెళ్ళాన్ని తలుచుకున్నాడు. ఆవిడ "ఆ పుల్ల ఎందుకు చూడలేదయ్యా నువ్వు?" అని సాధించిన సంగతి గుర్తొచ్చింది. కొమ్ము ఇంకో రెండు కిలోమీటర్లు సాగింది.

పన్నెండు దాటింది. ఒకటి దాటింది. వెనకనుంచి హారన్ మోగిస్తూ సోయాజిక్ బండి వచ్చి ఆగింది.

"గుల్వెన్ బాబాయ్! నువ్వేనా ఇది? పొద్దున కిలోమీటరున్నర అని రాశాను, ఇప్పటికి ఇరవై అయింది! నా రొట్టెలు రాళ్ళయిపోతున్నాయి."

"నేనేం చెయ్యను? శాంతంగానే ఉన్నాను!" అని అరిచాడు గుల్వెన్.

కాళ్ళకింద దారి జర్రున సాగింది.

"అబ్బో, శాంతమూర్తివి. ఎక్కు. ఈ వెన్న కేకు తిను, కాస్త చల్లబడతావు."

తిన్నాడు. "మాడ్చావు" అన్నాడు.

"కేకుని అనకు. ఇంకో కిలోమీటరు పెరిగింది చూడు."

బండి పోతూనే ఉంది. గొర్రెలు మూడుసార్లు ఎదురొచ్చాయి, అవే గొర్రెలు. దూరంగా లైట్‌హౌస్ చిక్కి చిక్కి అగ్గిపుల్లంత అయింది. అందులోనూ పొట్టిపుల్లంత. అది చూశాక గుల్వెన్ గుండెలో ఏం రగిలిందోగానీ, ఆ సాయంత్రం ఐర్లండ్ జాలర్లు తమ వలల పక్కన కొత్త రాతిగట్టు చూశామని చెప్పుకున్నారు.

ఐదింటికి ఐదు నిమిషాలుండగా ఎదురుగా ఒక నీలం కారు వచ్చింది. ఎనోరా స్టీరింగ్ మీద గుద్దుతోంది. పక్కన దుప్పటి కప్పుకుని ఎఫ్లామ్, ఒళ్ళో కాఫీ కెటిల్.

"పన్నెండింటికి బయల్దేరాం! ఐదు దాటితే గది ఇంకొకరికి ఇచ్చేస్తారు! ఎవరండీ ఆ కోపిష్ఠి మహానుభావుడు?" అని కిటికీలోంచి కేక వేసింది ఎనోరా.

మహానుభావుడు బండి దిగి ఎఫ్లామ్ వైపు తలుపు తెరిచాడు.

"దొంగా! రెండు పుల్లలూ పొట్టివే కదరా?"

"పొట్టివే" అన్నాడు ఎఫ్లామ్.

వాడు కాదంటే అనడానికి గుల్వెన్ నలభై మాటలు సిద్ధం చేసుకున్నాడు. ఔనంటే అనడానికి ఒక్కటీ లేదు.

"ఎందుకురా?"

"భయమేసింది. ఇంకో చలికాలం అక్కడుంటే దూకేసేవాణ్ణి."

"నాతో చెబితే నేనే పొమ్మనేవాణ్ణి కదరా గాడిదా!"

"అందుకే చెప్పలేదు. జన్మంతా నీ మంచితనం మోయాల్సొచ్చేది. దానికంటే దొంగతనం తేలికనిపించింది. తేలిక కాలేదులే." ఎఫ్లామ్ కెటిల్ మూత సర్దాడు. "ఇక స్వర్గమంటావా, వచ్చినవాళ్ళంతా మరుగుదొడ్డి ఎక్కడని అడిగారు. ముప్ఫై ఒక్కేళ్ళు."

అప్పుడే ఎనోరా ఫోను మోగింది. విని, నెమ్మదిగా నుదురు స్టీరింగ్‌కి ఆనించింది. "గది ఇచ్చేశారు నాన్నా. మళ్ళీ గురువారం ఒకటి ఖాళీ అవుతుందట."

ఎఫ్లామ్ మొహం చూడాలి! పదేళ్ళ వయసు దుప్పటితో పాటు కింద జారిపడింది. గుల్వెన్ చెవిని దగ్గరకి లాక్కుని గొంతు తగ్గించాడు. "ఒరేయ్ గుల్వెన్! నాకు వెళ్ళాలని లేదురా. దీనికి చెప్పలేక నోరు మూసుకున్నాను. నువ్వు ఆపావు."

"నిన్ను తిట్టడానికొచ్చాన్రా నేను! నీకు మేలు చెయ్యడానికి కాదు!" గుల్వెన్‌కి ఏడుపొక్కటే తక్కువ. ముప్ఫై ఒక్కేళ్ళు కాపాడుకున్న కోపం వాడికే పనికొచ్చింది!

"గురువారం కూడా రా" అన్నాడు ఎఫ్లామ్, కూతురికి వినపడకుండా. "ఇలాగే, మండిపడుతూ రా. తగ్గించుకున్నావంటే నేను పోయినట్టే."

"నీ మొహం" అని గుల్వెన్ వెనుదిరిగాడు. సోయాజిక్ పిలుస్తున్నా వినకుండా నడిచాడు. ముప్ఫై అడుగులైనా వేశాడో లేదో, ఎదురుగా బస్‌స్టాప్.

ఆగిపోయాడు. భయం వేసింది. ఇంత దగ్గరా?

బస్సెక్కి కిటికీ పక్కన కూలబడ్డాడు. గురువారానికి మధ్యలో ఒక్క రోజే. "రెండూ పొట్టివే" అనుకున్నాడు గట్టిగా. ఏమీ రగల్లేదు. "భయమేసింది" అన్న ఆ గొంతే మళ్ళీ మళ్ళీ వినపడుతోంది. ఇంకేదైనా వెతకాలి. వాడి గురక. చిరుగుతో తిరిగిచ్చిన స్వెటర్. క్రిస్మస్‌కి దాచుకున్న సార్డీన్ చేపల డబ్బా ఒక్కడే తినేసి అలలు ఎత్తుకుపోయాయనడం. ఆఁ, ఆ సార్డీన్లు!

"ఏంటి పెద్దాయనా, ఒక్కడివే గొణుగుతున్నావ్?" అన్నాడు డ్రైవరు.

"కదిలించకయ్యా" అన్నాడు గుల్వెన్, కళ్ళు గట్టిగా మూసుకుని. "కోపం తెచ్చుకుంటున్నాను."