పాయ జాగా

భానుశ్రీ గీసిన గీతనే మళ్లీ చెరిపేసింది. భీమవరం శివార్లలో పూడిపోయిన పాయను బాగుచేసి, ఒడ్డున పార్కూ నడకదారీ వేయాలని మున్సిపాలిటీ వాళ్లు పనిపెట్టుకున్నారు. ఆర్కిటెక్టుగా డిజైను భానుశ్రీ చేతికొచ్చింది. ఒకప్పుడు తిన్నగా తవ్వేసిన చోట మళ్లీ పాత వంపులు, అంచున తుంగ, వరదకి మునిగినా చెడని నడకదారి, అన్నీ కుదిరాయి. ఒక్కచోటే చెయ్యి ఆడటం లేదు. అక్కడొక రొయ్యల చెరువు గట్టు పాయను సగానికి నొక్కేసింది. ఆ చెరువు ఆమె తండ్రి వెంకటరామరాజుది.

గట్టు అలాగే ఉంచితే వానాకాలం నీరంతా ఎదుటి ఒడ్డున ఉన్న జాలరిపేటలోకి పోతుంది. చివరికి స్కూటీ తీసి చెరువుకి బయల్దేరింది.

రాజుగారు మేత చల్లిస్తున్నారు.

"నాన్నగారండీ, మన గట్టు వెనక్కి జరపాలండి."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెబుతున్నానండి. అది పాయ జాగా."

"నా చెరువు నువ్వే కొలిచావన్నమాట! కాదంటే ఏంటి?"

"అయినా గీస్తానండి. మీకు చెప్పకుండా గీయలేక వచ్చాను."

ఆయన మొహం తిప్పేసుకున్నారు.

గీసిచ్చేసింది. గట్టు జరపమని మున్సిపాలిటీ ఆర్డరు రాగానే రాజుగారు ఎవరి కోసమూ చూడకుండా పొక్లెయిన్ తెప్పించి, తన గట్టు తానే కొట్టించి వెనక్కి పోయించారు. కూతురితో మాత్రం మాట మానేశారు. ఆమె పుట్టింటికెళ్తే ఆయన చెరువుకెళ్లేవారు. పార్కు తెరిచాక జనం సాయంత్రాలు నడుస్తుంటే, భానుశ్రీ కళ్లు మాత్రం నీటి మీదే ఉండేవి.

మొదటి తుపానుకి పాయ ఎర్రగా పొంగి నడకదారి మీదికెక్కింది. భానుశ్రీ గొడుగు పట్టుకుని పరుగెత్తింది. జాలరిపేట వీరవేణి అవతలి ఒడ్డు నుంచి కేకేసింది.

"మేడంగారూ! ఈసారి మా ఇళ్లలోకి రాలేదండీ!"

అయినా నాన్నగారి కొత్త గట్టు నిలిచిందో లేదో తెలియలేదు. ఇంటికి ఫోను చేసింది.

"అమ్మా, నాన్నగారేరీ?"

"అన్నం దగ్గర్నుంచి లేచి చెరువుకి పోయారే. ఎంత చెప్పినా వినలేదు," అంది బుల్లెమ్మ.

కొత్త గట్టు మీద రాజుగారు తడిసి ముద్దయి నిలబడి ఉన్నారు. భానుశ్రీ వెళ్లి గొడుగు పట్టింది. ఆయన తల తిప్పలేదు. వేలు మాత్రం చూపించారు.

"అదిగో, ఆ మూల మన్ను జారుతోంది. చూశావా?"

"చూశానండి. ఇసక బస్తాలు వేయాలండి."

"అయితే నిలబడతావేం? పద."