వెంకటేశ్వరమ్మ అడిగిందేమిటి?

చెంచురామయ్య మగ్గుతో నీళ్లు ముంచి గ్రానైట్ పలక మీద చల్లాడు. భుజం మీది గుడ్డతో పైనుంచి కిందికి ఒకే ఊపున తుడిచాడు. తడి తగలగానే నల్లరాతిలోని బంగారు చుక్కలు పైకి తేలాయి. పొడిగా ఉన్న రాయిని చూసి ఎవరూ బేరమాడరు, తడిపి చూపించాలి. చీమకుర్తిలోని ఆ రాళ్ల యార్డులో ఆయన పని అదే. కోసేవాడు వేరు, పాలిష్ పట్టేవాడు వేరు, లాభం తినేవాడు మరీ వేరు. ఈయన తడిపేవాడు. అరవై ఏడేళ్ల మనిషి. వీపు కాస్త వంగింది, వేళ్లు నీళ్లలో నానీ నానీ ముడతలు పడ్డాయి, కనుబొమల దాకా రాతిపొడి పేరుకుంది. కొత్తవాళ్లు ఆయన తల పూర్తిగా పండిందనుకుంటారు. పండింది సగమే, మిగతాది పొడి.

చెయ్యి పలక మీద ఉంది గానీ మనసు ఇంట్లో మంచం దగ్గరే ఉంది.

తల్లి వెంకటేశ్వరమ్మ రంగూన్‌లో పుట్టింది. ఆవిడ తండ్రి కనిగిరి వైపు నుంచి బియ్యం మిల్లులో కూలికి ఓడెక్కి వెళ్లినవాడు. ఆవిడ తల్లి బర్మా మనిషి. అరవైల్లో అక్కడినుంచి మనవాళ్లు మూటాముల్లె సర్దుకుని రావలసి వచ్చినప్పుడు, వెంకటేశ్వరమ్మ కూడా మొగుణ్ణీ, ఏడేళ్ల చెంచురామయ్యనూ వెంటబెట్టుకుని ఈ నేల మీద దిగింది. దిగింది మొదలు తెలుగే మాట్లాడింది. మిరపకోతల్లో, పొగాకు గ్రేడింగులో ఎవరికీ తగ్గకుండా తెలుగులోనే పోట్లాడింది. అలాంటి మనిషికి ఈమధ్య పక్షవాతం వచ్చి, ఒక చేతితోపాటు తెలుగునంతా పట్టుకుపోయింది. ఇప్పుడు నోరు తెరిస్తే బర్మా మాటలే.

ఏదో అడుగుతుంది. రోజూ అదే అడుగుతుంది. కొడుకు చొక్కా గుప్పిట పట్టి లాగి మరీ అడుగుతుంది. లేపి కూర్చోబెట్టమంటోందని ఆయన దిండ్లు ఎత్తు పెడితే మొహం తిప్పేసుకుంటుంది. నీళ్లిస్తే ఉమ్మేస్తుంది. ఆయనకేమో చిన్నప్పటి ఆ భాష ఒక్క ముక్క మిగల్లేదు. వీధిలో బర్మా నుంచి వచ్చిన పెద్దవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు పోయారు. యార్డు ఆఫీసులో పనిచేసే సాయిలక్ష్మి జాలిపడి ఒకరోజు ఇంటికొచ్చి, అనువాదం చేసే ఫోన్ మంచం దగ్గర పెట్టింది. ముసలావిడ వంకర తిరిగిన మాటలకు ఫోను ఒకసారి “పడవకు జ్వరం” అంది, తర్వాత “మళ్లీ చెప్పండి” అంటూ కూర్చుంది. డాక్టరు మాత్రం స్పష్టమైన తెలుగులోనే చెప్పాడు, ఇంక ఎక్కువ రోజులు లేవని. అడిగింది ఇవ్వలేకపోవడం ఒక బాధ. అడిగిందేమిటో కూడా తెలియకపోవడం ఆయన్ని లోపల్లోపల తినేస్తోంది.

పదకొండు దాటాక న్యూజిలాండ్ నుంచి వచ్చిన కొనుగోలుదారు పలకలు చూడ్డానికి వచ్చాడు. పేరు హేమి. ఆడపిల్ల పేరులా ఉందని యార్డులో నవ్వుకున్నారు గానీ, మనిషి తలుపుకు అడ్డంగా నిలబడితే గాలి కూడా దూరదు. మన రంగే. ముంజేతి మీద మెలికలు తిరిగిన పచ్చబొట్టు. చూస్తూ చూస్తూ మధ్యలో ఫోనెత్తి కూతురితో మాట్లాడాడు. అది ఇంగ్లీషు కాదు. ప్రతి మాటా నోరు తెరిచే ఆగుతోంది, మాట చివర ఎక్కడా పెదాలు మూసుకోవడం లేదు.

చెంచురామయ్య చేతిలో మగ్గు ఆగిపోయింది. అమ్మ మాటలూ ఇలాగే ఉంటాయి గదా! ఉంటాయా? ఏమో. అవునంటే అవును, కాదంటే కాదు. పరుగులాంటి నడకతో సాయిలక్ష్మి దగ్గరకెళ్లాడు.

“సాయమ్మా, ఆయన మా అమ్మ భాష మాట్లాడతన్నాడే!”

సాయిలక్ష్మి హేమిని ఇంగ్లీషులో అడిగింది, ఫోన్‌లో వెతికింది, తల అడ్డంగా ఊపింది.

“కాదు బాబాయ్. ఈయనది మావోరీ అంట. బర్మాకీ దానికీ చుట్టరికమే లేదంట. బర్మా భాషలో గొంతు ఎత్తితే ఒక మాట, దించితే ఇంకో మాట. ఈయన భాషలో ఆ ఎత్తుపల్లాలే లేవు, ఉన్నదే పదిహేను అక్షరాలంట.”

“మరి ఒకేలా ఇనపడతన్నాయేంటి?”

“నీకు ఇనపడతన్నాయి. బర్మా ఎట్టా ఉంటదో నీకు గుర్తుందా అసలు?”

తలగోక్కుంటూ నిలబడ్డాడు. తల్లి భాషను పక్కన పెట్టి పోల్చుకోవడానికి కూడా తన దగ్గర ఏమీ లేదే అని ఏడుపొచ్చినంత పనైంది.

“కాకపోతే మానెలే అమ్మా. ఒక్కసారి వచ్చి మాట్లాడమను. ఆ వినికిడైనా ఆమె చెవిన పడతది.”

సాయిలక్ష్మి మొహమాటపడుతూనే చెప్పింది. హేమి ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా మాట్లాడాడు, సాయిలక్ష్మి తెలుగులోకి తెచ్చింది. వాళ్ల అవ్వ కూడా చివర్లో సొంత భాషే మాట్లాడిందట. అప్పటికి ఇతనికి అది రాదు. పెద్దయ్యాక బడికెళ్లి నేర్చుకున్నాడట. “వస్తానంటన్నాడు బాబాయ్. పద.”

రెండు గదుల రేకుల ఇంట్లో చెంచురామయ్య భార్య రమణమ్మ, గుమ్మంలో అంత మనిషిని చూసి కంగారుగా కొంగు సర్దుకుంది. హేమి బూట్లు విప్పి, మంచం పక్కన నేల మీద కూర్చుని, దేవుడి ముందు మాట్లాడినట్టు తన భాషలో పలకరించాడు. వెంకటేశ్వరమ్మ కళ్లు తెరిచింది. జవాబిచ్చింది! అతను మళ్లీ అన్నాడు, ఆవిడ మళ్లీ అంది. ఆవిడ గొంతు మెట్లెక్కి దిగుతోంది, అతని గొంతు ఏరులా సమంగా పోతోంది. పక్కపక్కన వింటే ఆ తేడా చెంచురామయ్యకు కూడా తెలిసింది. అయినా ఆశ చావలేదు.

“ఏమంటందండీ? ఏం కావాలంటంది?”

హేమి నవ్వి చేతులు తిప్పాడు. తెలియదు.

అంతలో ఆవిడ బాగున్న చెయ్యి చాచి హేమి చొక్కా గుప్పిట పట్టింది. లాగింది.

“లేపమంటంది! రమణా, దిండు తే!” అంటూ చెంచురామయ్య లేచాడు.

దిండు సంగతి హేమికి తెలియదు. లాగినవైపు వంగాడు. కళ్లు మూసుకుని, తన నుదురు ఆవిడ నుదుటికి, ముక్కు ముక్కుకు ఆనించాడు. వాళ్ల దేశంలో మర్యాద అదట. ఒకరి ఊపిరి ఒకరు పంచుకుంటే వచ్చినవాడు పరాయివాడు కాడట. ఆవిడ ఒక్క క్షణం తడబడి, ముక్కును పక్కకు జరిపి, అతని చెంపకు ఆనించి, గుండె నిండా ఊపిరి పీల్చింది. గుప్పిట వదులైంది. మొహంలో నవ్వు.

చెంచురామయ్య దిండు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రంగూన్‌లో ముద్దంటే అదే. పెదాలతో కాదు, ముక్కుతో. నిద్ర లేవగానే, బడికి పోయేముందు, జ్వరమొస్తే, అమ్మ తన చెంప మీద ముక్కు ఆనించి వాసన పీల్చేది. ఈ ఊరొచ్చాక చుట్టుపక్కల ఆడవాళ్లు “బిడ్డను కుక్కలా వాసన చూస్తదేందమ్మా” అని నవ్వితే తనే మానేసింది. అరవై ఏళ్లు! ఇన్నాళ్లూ చొక్కా పట్టి లాగింది ఇందుకా? మరి ఇప్పుడు ఎవరి చెంప అనుకుంది? నేననుకుందా? పరాయివాడని తెలిసీ ఇచ్చిందా? నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంత పెద్దమనిషి మీద చిన్నపిల్లాడిలా అసూయ కూడా పడ్డాడు.

అందరి ముందు వంగడానికి సిగ్గేసింది. వాళ్లను కారు దాకా సాగనంపి, హేమి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఏమనాలో తోచక “మళ్లీ రండి” అన్నాడు. గబగబా పెరట్లోకి వెళ్లాడు. చెంప తడుముకుంటే గరుకుగా రాతిపొడి. ఇదా అమ్మకు వాసన చూపించేది? చెవుల వెనకా, మెడ మీదా, కనుబొమల్లోనూ రుద్ది రుద్ది కడుక్కున్నాడు. నీళ్లు కారుతుండగానే లోపలికొచ్చి, మంచం మీదికి వంగి, చెంపను తల్లి ముక్కుకు ఆనించాడు.

“అమ్మా, నేనే. చెంచుణ్ణి.”

ముక్కు వెచ్చగానే తగిలింది. పీల్చిన ఊపిరి బిగబట్టిందనుకున్నాడు. వదులుతుందని అలాగే వంగి ఉన్నాడు. నడుము నొప్పెట్టినా కదల్లేదు. టీ గ్లాసు తెచ్చిన రమణమ్మ అత్తగారి మొహం చూసి, గ్లాసు కింద పెట్టి, మొగుడి వీపు మీద చెయ్యి వేసింది.

“ఇంక లెయ్యయ్యా” అంది.

పెరట్లో తొట్టి అంచు మీద, ఆయన హడావుడిగా వదిలేసిన సబ్బుబిళ్ల మీద నురగ ఇంకా ఆరలేదు.