ముప్పై అయిదో గీత

"సముద్రపు చేపకి చెలమ నీళ్ళు పోస్తావుటే? మనకే గొంతు తడుపుకోడానికి లేక చస్తుంటే!" అన్నాడు నంబురాజన్, బిందె చంకనెత్తుకుని పెరటి పాకలోకి వెళ్తున్న పెళ్ళాన్ని చూసి. ఊరికే అనలేదు. పేకముక్కలు పట్టుకుని నీడన కూర్చున్న స్నేహితులు వినేలా అన్నాడు. వాళ్ళు నవ్వారు. సెంబగం కూడా నవ్వింది. మొగుడు నలుగురిలో ఎగతాళి చేస్తే తనూ కలిసి నవ్వేయాలని, అలా చేస్తే ఆ మాట అక్కడితో చల్లారిపోతుందని పదమూడేళ్ళ కాపురంలో నేర్చుకుంది. ఈసారి చల్లారలేదు. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే మాట.

వేట నిషేధం రోజులవి. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా మరపడవలు కదలకూడదు కనక తాళైవలసై ఊళ్ళో మగవాళ్ళంతా ఇంటిపట్టునే ఉన్నారు. చేపలు గుడ్లు పెట్టుకోవాలని మగవాళ్ళకు రెండు నెలలు సెలవిచ్చిన సర్కారు, ఆడవాళ్ళ పనికి ఏ నిషేధమూ పెట్టలేదు. పైగా ఇంట్లో పొద్దస్తమానం మగవాడు ఉంటే పూటకో టీ, గంటకో పిలుపు. తొమ్మిది నెలలుగా ఆ పాకలో సెంబగం ఏం చేస్తోందో ఒక్కనాడూ తొంగి చూడనివాడికి ఇప్పుడు అన్నీ తప్పులే కనిపించాయి.

పాకలో నాలుగు తొట్లు. వాటిలో మూడు వందల క్లౌన్ చేప పిల్లలు, అద్దాల తొట్లలో అందానికి పెంచుకునే రకం. గోరంత ఉంటాయి, నారింజ రంగు ఒంటి మీద తెల్ల చారలు అప్పుడప్పుడే తేలుతుంటాయి. ఊరి ఆడవాళ్ళు వాటిని జోకర్లనేవారు. పరిశోధన కేంద్రం మేడం ఒకామె గుడ్ల నుంచి పొదిగించిన పిల్లల్ని తెచ్చి ఇస్తుంది, వీళ్ళు మూడు నెలలు సాకి పెద్దచేసి తిరిగి అప్పజెప్పి డబ్బు తీసుకుంటారు. సెంబగం, పూమయిల్, నాగజోతి, ముగ్గురూ ఒక జట్టు. సెంబగం పెరడు సముద్రానికి దగ్గరని తొట్లు అక్కడ పెట్టారు. రోజుకు నాలుగుసార్లు మేత, పొద్దున్నే పైపు పెట్టి అడుగున పడ్డ మలినం లాగెయ్యడం, గాలి బుడగలు ఆగకుండా చూడటం, అన్నీ వంతులవారీ. మంచినీళ్ళ పని మాత్రం ఇల్లుగలామె కనక సెంబగానిదే.

ఆ మంచినీళ్ళ సంగతి శిక్షణలో మేడం చెబుతుంటే అందరికన్నా ముందు అర్థమైంది ఆమెకే. ఎండకు తొట్టిలో నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు, కాబట్టి తగ్గినంత మేర మంచినీళ్ళే పొయ్యాలి అంది మేడం. "పులుసు మరిగేకొద్దీ ఉప్పెక్కుతుంది చూడండి, అట్లాగేనా మేడం?" అని సెంబగం అడిగితే, మేడం మిగతావాళ్ళ వైపు తిరిగి, "విన్నారా? ఇంతకన్నా బాగా నేను చెప్పలేను" అంది. ఆ మాట తల్చుకుని సెంబగం వారం రోజులు తనలో తను మురిసిపోయింది. వయసొచ్చాక ఆమెకు తెలివుందని ఎవరైనా అనడం అదే మొదలు. ఉప్పు చూసే చిన్న గొట్టం కూడా మేడం ఆమె చేతికే ఇచ్చింది. దానిమీద ఒక చుక్క నీళ్ళేసి, ఒక కన్ను మూసి వెలుతురులోకి చూస్తే గీతలు కనిపిస్తాయి. ముప్పై అయిదో గీత దగ్గర ఉంటే పిల్లలు క్షేమం. చూసి, గోడకున్న పలకమీద సుద్దతో రాయాలి.

అయితే మే నెలలో చెలమ నీళ్ళంటే మాటలా. ఇసకలో మోకాళ్ళమీద కూర్చుని, ఊరిన గుక్కెడు గుక్కెడు కొబ్బరిచిప్పతో తోడితే బిందె నిండడానికి గంట పడుతుంది. ఇంటికి మూడు బిందెలు, తొట్లకు రెండు. ఆ రెండు బిందెల మీదే అత్త ముత్తురాక్కు కన్ను. మనుషులు ఉప్పునీళ్ళతో ఒళ్ళు కడుక్కుంటుంటే చేపలకు తలంట్లు పోస్తోంది మహారాణి అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేది.

నాలుగో రోజు నంబురాజన్ ముక్కలు కింద పెట్టి లేచాడు. తనే బకెట్టుతో సముద్రం నీళ్ళు తెచ్చి నాలుగు తొట్లలోనూ పోశాడు. "ఇదిగో, వీటి పుట్టింటి నీళ్ళు. ఇకమీదట ఇవే పొయ్యి. ఇరవై ఏళ్ళుగా సముద్రం మీద బతుకుతున్నాను, నాకు చెప్తావా సముద్రం గురించి?" అన్నాడు. స్నేహితులు చూస్తున్నారు. మావా, ఇది సముద్రం కాదు, అని చెప్పాల్సిన మాట సెంబగం నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ళు సముద్రం మీద బతికిన మగవాడికి, అతని స్నేహితుల ముందు, ఉప్పు సంగతి నీకు తెలియదని పెళ్ళాం ఎలా చెబుతుంది? సరే మావా అంది. ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదాం అనుకుంది. ఒంటరిగా అన్నం పెడుతున్నప్పుడు అతను, ఇవాళ ఎండుచేపల కూర బాగుందే, అన్నాడు. ఎప్పుడో గాని రాని ఆ మాటను చెడగొట్టుకోవడం ఇష్టం లేక ఊరుకుంది.

తర్వాత తల్చుకుంటే ఆమెకు ఒళ్ళంతా కుంచించుకుపోయేది మొగుడి మాటకు కాదు. ఆ మర్నాటి నుంచి తను ఎంత సుఖపడిందో దానికి. సముద్రం ఇరవై అడుగుల్లో ఉంది. చెలమ దగ్గర రెండు గంటలు మిగిలాయి, నడుము నొప్పి తగ్గింది, అత్త నోరు మూసుకుంది, మొగుడు ముద్దుగా ఏమే అని పిలిచాడు. గొట్టంలో చూస్తే ముప్పై ఏడు. రెండు రోజులకు నలభై. పలకమీద ముప్పై అయిదు అని రాసింది. అది చూసి నాగజోతి, నీ చేతిలో చలవుందే అంది. సెంబగం నవ్వింది. పిల్లలు మేతకు ఎగబడటం మానేశాయి. బుడగల దగ్గరకు చేరి నోళ్ళు తెరుస్తూ నిలబడ్డాయి. నారింజ రంగు పాలిపోయింది. గొట్టంలో నలభై మూడు. పలకమీద ముప్పై అయిదు. రేపు చెలమ నీళ్ళు తెచ్చి సరిచేస్తానని రోజూ అనుకుంది. ఇప్పుడు మళ్ళీ బిందె ఎత్తుకుంటే ఎందుకని అందరూ అడుగుతారు, ఎందుకో చెబితే ఇన్నాళ్ళు రాసిందంతా అబద్ధమని తెలుస్తుంది. అందుకని ఆ రేపు రానే లేదు.

సముద్రం నీళ్ళు మొదలెట్టిన పదకొండో రోజు పొద్దున పాకలోకి అడుగుపెట్టేసరికి తొట్ల అడుగున పిల్లలు నారింజ తొక్కలు పరిచినట్టు పడున్నాయి. గొట్టంలో చూసింది. నలభై ఆరు. మిగతా ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. పెరటినిండా జనం చేరారు. ముత్తురాక్కు చచ్చిన పిల్లల్ని చూసి, నిన్న ఎవరి వంతు అని అడిగింది. పూమయిల్ వంతు. పూమయిల్ మొన్న మంగళవారం అమ్మవారి గుడికి రాలేదని ముత్తురాక్కు అప్పుడే గుర్తు తెచ్చుకుంది. "బయటున్న మనిషి చెయ్యి పెడితే జీవాలు బతుకుతాయా?" అంది. ముట్టులో ఉన్న ఆడది వల దాటకూడదు, పడవ అంచు తాకకూడదు, తాళైవలసైలో పసిపిల్లకు కూడా తెలిసిన కట్టుబాటు అది. పడవకున్న కట్టుబాటు తొట్టికి మాత్రం ఉండదా అని నంబురాజన్ తల ఊపాడు. పేకాట జట్టులో ఉన్న పూమయిల్ మొగుడు తల దించుకున్నాడు.

పూమయిల్ మెల్లగా తలెత్తింది. సెంబగం వైపు చూసింది. చిన్నప్పటి నుంచి ఇద్దరూ వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని సముద్రపు నాచు కోసం కలిసి మునిగినవాళ్ళు. ఒకరి ఊపిరి ఎంతసేపు నిలుస్తుందో రెండోవారికి తెలుసు. సెంబగం ఆమె కళ్ళలోకి చూడలేక గాలి మోటారు వైపు చూసింది. మోటారు ఆడుతూనే ఉంది. పూమయిల్ కొంగు తలమీద కప్పుకుని వెళ్ళిపోయింది.

మేడం వచ్చేలోపు సెంబగం తొట్లు ఖాళీ చేసి కడిగేసింది. పలకమీద ముప్పై అయిదు చూసి మేడం ఏమీ తేల్చుకోలేక, ఏదో రోగం అయ్యుంటుంది, వచ్చే శుక్రవారం కొత్త పిల్లల్ని తెస్తాను అంది. ఈసారి జట్టులో పూమయిల్ వద్దని నాగజోతి చెప్పింది. సెంబగం కాదనీ అనలేదు, సరేననీ అనలేదు. ఊళ్ళో దాన్ని సరే కిందే లెక్కేశారు.

మూడు రోజులకు పూమయిల్ మళ్ళీ నాచుకు దిగుతోందని తెలిసింది. ఏడాది కిందట ఆమెకు కడుపులో గడ్డ తీశారు, ఇక నీళ్ళలో మునగొద్దని డాక్టరు చెప్పాడు. తొట్ల పనిలో చేరిందే అందుకు. ఆ మాట విన్నాక సెంబగానికి ముద్ద దిగలేదు. గురువారం తీరానికి వెళ్ళింది. పూమయిల్ తడిబట్టలతో, ఒక చేత్తో పొత్తికడుపు పట్టుకుని ఇసకలో కూర్చుని ఉంది. సెంబగం ఎదురుగా చతికిలబడి అంతా చెప్పింది. ఉప్పు, పలక, తన నడుము సుఖం, దేన్నీ దాచలేదు. చెప్పి ఏడ్చింది. తిడితే బాగుండుననిపించింది.

పూమయిల్ తిట్టలేదు. "నాకు ముట్టు ఆగి ఏడాదైందే సెంబగం. గడ్డతో పాటు గర్భసంచీ తీసేశారు. మా ఆయనకి గడ్డ సంగతే తెలుసు. ముట్టు వస్తున్నట్టే నెట్టుకొస్తున్నాను."

"మరి ఆ రోజు ఎందుకు నోరు విప్పలేదే?"

"ముట్టంటే అయిదు రోజులు దూరం పెడతారు. లోపల ఏమీ లేదంటే బతికినన్నాళ్ళూ పెడతారు. ఏది నయమో నువ్వే చెప్పు." వేళ్ళకున్న పేలికలు విప్పుతూ మళ్ళీ అంది: "ఇక్కడ నా ముందు ఏడిస్తే నీ గుండె బరువు దిగుతుందేమో గానీ, నాకేం వస్తుంది? నన్నన్నది మీ పెరట్లో, అందరి ముందూ."

శుక్రవారం మేడం గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో కొత్త పిల్లల్ని తెచ్చింది. చూడటానికి ఊరు పోగైంది. పేకాట ఆగింది. పూమయిల్ కూడా వచ్చి కంచె దగ్గర దూరంగా నిలబడింది. సెంబగం తొట్ల ముందుకు వచ్చింది. చెంగు పిడికిట్లో నలిపేసి, చెమటకు తడిపేసి, చివరికి అంది.

"మేడం, ఆ పిల్లలు రోగంతో పోలేదు. పలకమీద రాసింది అబద్ధం. ఉప్పు నలభై ఆరుకి పోయింది. మంచినీళ్ళు మానేసి సముద్రం నీళ్ళు పోశాను. చచ్చిపోతాయని తెలిసే పోశాను. పూమయిల్ తప్పేం లేదు."

మేడం నిర్ఘాంతపోయింది. నాగజోతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నంబురాజన్ మొహం జేవురించింది.

"అంటే నాకు సముద్రం తెలియదంటావా?"

"సముద్రం తెలుసు మావా. తొట్టి తెలియదు."

ఎవరూ నవ్వలేదు. సెంబగానికి సిగ్గుతో చెవులు మండుతున్నాయి. ఇంతమందిలో అబద్ధాలకోరుగా నిలబడటం కన్నా ఆ పేకాటరాయుళ్ళ నవ్వే సులువుగా ఉండేదనిపించింది. ఇక అయిపోయిందిలే అనుకుంది. అవలేదు.

"ఉప్పు సంగతి నువ్వు చెప్పావు, బాగానే ఉంది," అంది ముత్తురాక్కు. "ఆ పూట అది బయటుండి వచ్చి చెయ్యి పెట్టిన మాట అబద్ధమా? పిల్లలు పోయాక ఉప్పంటావు. అంటు మాటేంటి? అదిగో ఉందిగా, దాన్నే అడుగు."

అందరూ కంచె వైపు తిరిగారు. పూమయిల్ మొగుడు కూడా తిరిగాడు. పూమయిల్ రెండు చేతులూ పొత్తికడుపు మీద ఒకదానిమీద ఒకటి వేసుకుని నేలవైపు చూస్తోంది. ఒక్క మాట చెబితే ఆమె మీది నింద పోతుంది, ఆ ఒక్క మాటతోనే ఆమె కాపురమూ పోవచ్చు. ఆ మాట సెంబగం దగ్గర ఉంది. దాన్ని లోపలికి మింగేసి, ముత్తురాక్కుకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆ రోజు ముట్టులో ఉన్నది నేను అత్తా. ఆ రోజే కాదు, ఈ తొట్లు వచ్చిన దగ్గర్నుంచి ప్రతి నెలా ఆ అయిదు రోజులూ మీకెవరికీ చెప్పకుండా ఈ చేతులతోనే మేత వేశాను. ఉప్పు సరిగ్గా ఉన్నన్ని నెలలూ ఒక్క పిల్ల కూడా చావలేదు."