ఆరో భాగంలోని కిటికీ

నేను చూడని సినిమాని ఎవరికీ చూడమని చెప్పలేదు. ముప్పై ఏళ్లు క్యాసెట్లూ డిస్కులూ అద్దెకిచ్చే కొట్టు నడిపినవాణ్ణి, ఈ ఒక్క మాట గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను.

నా కొట్టులో ఒక పద్ధతి ఉండేది. తిరిగి తెచ్చినవాళ్లని ఒక్క ప్రశ్న అడిగేవాణ్ణి: హీరోయిన్ ఏడుస్తున్నప్పుడు వెనక గోడ ఏ రంగు? తలుపు ఎటు తెరుచుకుంది? చెప్పగలిగితే ఇంకాస్త చిక్కు కథ, కళ్లు తిప్పుకోలేని బొమ్మ చేతిలో పెట్టేవాణ్ణి. చెప్పలేకపోతే ఫైటింగుల అర చూపించేవాణ్ణి. అయిదో తరగతితో బడికి దండం పెట్టిన నన్ను వీధంతా మాస్టారూ అని పిలిచింది అందుకే.

ఆ పరీక్ష ఎన్నడూ తప్పనివాడు ఎదురు వరసలోని వాచీల మెకానిక్కు. కంటికి భూతద్దం తగిలించుకుని బతికేవాడు, తెర మీద గోడకి పాకే బల్లిని కూడా వదిలేవాడు కాదు. భార్య పోయి రెండేళ్లు. ఇల్లు మారేటప్పుడు ఫొటోల పెట్టె ఎక్కడో జారిపోయింది. ఆవిడ ముఖం రోజుకింత చెరిగిపోతోందని ఒకసారి నాతో అన్నాడు.

అతనికి ఆరు భాగాల సీరియల్ ఒకటి ఇచ్చాను. ఒకే ఇల్లు, ఆరు తరాలు, గదికొక వెలుగు. రెండో భాగం తిరిగిస్తూ, ఈసారి ప్రశ్న తనే అడిగాడు.

"మాస్టారూ, మేడ మీద కిటికీలో అటు తిరిగి నిలబడ్డావిడని చూశారా?"

ఇక్కడ చిన్న సవరణ. ఆ సీరియల్ నేను చూడలేదు. అట్ట వెనక రాసింది చదివి ఇచ్చేశాను. నిజం చెప్పాలంటే కొట్టులో సగం సరుకు సంగతి అంతే. కానీ తను పాఠం చదవలేదని ఏ మాస్టారు ఒప్పుకుంటాడు?

"చూడకేం, ఆవిడే కథకి ఆయువుపట్టు" అన్నాను.

అతని ముఖం పాలిపోయింది. ఆ జడ, ఆ భుజం వాలు తన భార్యవేనట. మీక్కూడా కనిపించిందంటే నాకు పిచ్చి పట్టలేదన్నమాటేగా అన్నాడు. మూడో భాగంలో ఆవిడ కాస్త ఇటు తిరిగిందట. నాలుగోదాంట్లో మెడ కనిపించిందట, అయిదోదాంట్లో చెవి. ప్రతిసారీ అవునవునన్నాను. గోతిలో పడ్డవాడు నిచ్చెన అడిగితే పార అందించినట్టు.

ఆరోది ఒంటరిగా చూడలేనన్నాడు. తిరిగితే ముఖం దక్కుతుంది, తిరక్కపోతే ఉన్న కాస్తా పోతుంది, అదీ అతని బెంగ. మిట్టమధ్యాహ్నం షట్టరు సగం దించి, కొట్టులోనే పెట్టాం. మేడ వచ్చింది. కిటికీ వచ్చింది. తెర ముందు రెప్ప వెయ్యని ఆ మనిషి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"తిరిగిందా?"

తెర మీంచి చూపు తిప్పకుండానే కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. అయినా ముప్పై ఏళ్ల అలవాటు, ఎలాగో పలికింది.

"తిరిగింది."

"నవ్వుతోందా? ఎడమ బుగ్గ మీద సొట్ట ఉందా?"

"ఉంది. లోతుగా, చక్కగా ఉంది."

కళ్లు తెరవకుండానే తలాడించాడు. తర్వాత, ముఖం గుర్తొచ్చింది మాస్టారూ అని నా చెయ్యి పట్టుకుని, కళ్లు తుడుచుకుని, తన వాచీల దగ్గరికి వెళ్లిపోయాడు. మళ్లీ ఏ బొమ్మా అడగలేదు.

కిటికీ, ఆవిడ, ఆవిడ ఇటు తిరగడం మీకు కట్టుకథలా ఉంటే ఉండనివ్వండి, అవి నేను చూసినవే. కల్పించిందల్లా ఆ సొట్ట ఒక్కటే. సొట్ట పడాలంటే ఇటు తిరిగిన ఆ తలకి బుగ్గంటూ ఒకటి ఉండాలి కదా.