లేత చుక్కలు

మునిరత్నమ్మ ఎలక గర్భసంచిని పట్టుకారుతో కిటికీ వైపు ఎత్తింది. ఫార్మలిన్‌లో నానిన రెండు సన్నని కొమ్ములు, కింద కలిసి పైన చీలి, వేలాడుతున్నాయి. వెలుతురుకి పెడితే లోపల నల్లటి చుక్కలు వరసగా కనిపిస్తాయి. ఒక్కో చుక్క ఒక్కో పిల్ల పుట్టిన గుర్తు. మధ్యమధ్య లేత రంగు చుక్కలుంటాయి. అవి కడుపులోనే కరిగిపోయిన పిల్లలవి. పట్టికలోకి నల్లవే ఎక్కాలి, లేతవి వదిలెయ్యాలి. మదనపల్లెలో ఒక అద్దె ఇంట్లో నడిచే ఎలకల పరిశోధన కేంద్రంలో చేరిన మొదటిరోజే ఆదినారాయణ సార్ ఆమెకు చెప్పిన పాఠమది.

ఇంకో సంగతీ ఆయనే చెప్పాడు. ఒకప్పుడు పాలిచ్చే జంతువులకు గర్భసంచి రెండుగానే ఉండేదట. ఎలకజాతి దాన్ని వదులుకోలేదు, ఒక్క కాన్పులో బోలెడు సంతానాన్ని మోయాలి గనక. మనిషి దాకా వచ్చేసరికి రెండూ కలిసి ఒకటయ్యాయి.

"ఎవురికన్నా సరింగా కలవకపోతే సార్?" అని అడిగింది.

"అట్లాంటోళ్లు శానా అరుదులేమ్మా," అన్నాడాయన, సూక్ష్మదర్శిని నుంచి కన్ను తీయకుండా.

వేలూరు ఆసుపత్రిలో ఆమె గర్భసంచికి మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే ట్రంకుపెట్టె అడుగున ఉంది. అందులో తెల్లగా రెండు కొమ్ములు.

కుప్పంలో కాపురం చేసిన ఆరేళ్లలో మూడుసార్లు కడుపు నిలిచింది. మూడుసార్లూ ఐదో నెల దాటలేదు. ప్రతిసారీ అత్త పాతచీర పేలికలో చుట్టి, ఆమెకు చూపించకుండా, పెరటి వెనక మల్బరీ మొక్కల్లో పూడ్చి వచ్చింది. "పేరు పెట్టనిదానికి ఏడ్సకూడదు. అది లెక్కలోకి రాదు," అనేది. మూడోసారి తర్వాత మునిరత్నమ్మ మదనపల్లెకు వచ్చేసింది.

మొన్న ఫిబ్రవరిలో, ఎనభై ఒకటి జనాభా లెక్కలకని బడి అయ్యవారు మునికృష్ణ ఆమె ఇంటికి వచ్చాడు. గడపలో కూర్చుని మోకాలి మీద కాగితాలు సర్దుకున్నాడు.

"పిల్లోళ్లు ఎంతమంది పుట్నారమ్మా?"

"ముగ్గురు."

"పుట్నప్పుడు ఏడ్సినారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "పానంతో పుట్నోళ్లనే రాయమన్నారు తల్లీ, నేనేం జేసేది," అని నొచ్చుకుంటూనే ఆయన సున్నా చుట్టాడు.

మార్చిలో కొండప్ప జీపు దిగాడు. రామసముద్రం మనిషి, కేంద్రానికి ఎలకలు పట్టి తెచ్చేది అతనే. బొరియ మూతి వాసన చూసి లోపల ఎన్నున్నాయో చెప్పగలడు. మదనపల్లె, పుంగనూరు ఎలకలు అంతకుముందే తెచ్చాడు. ఈసారివి కుప్పంవి.

"మీ సార్‌కి ఎలకల మొగుళ్లు పనికిరారంట, పెండ్లాలే కావాలంట. ఊరూరా నవ్వుతాండారమ్మా!"

మునిరత్నమ్మ నవ్వలేదు. ఎలకల గోళ్లలో ఇరుక్కున్న ఎర్రమన్ను చూస్తోంది. "కుప్పంలో యాడ పట్నావు కొండప్పా?"

"సగం చేలల్లో, సగం పెరళ్లెనక. మల్బరీ కాడ మన్ను మెత్తగుంటాది గదా, ఆడ తెగ తవ్వుకోనుండాయి."

"బొరియంతా తవ్వేసినావా?"

"అంతా యాడైనా తవ్వుతామా? కొసన పిడికెడు గింజలు వదలాల. మా నాయన నేర్పినాడు. బయటికి రానిది లోపల ఒకటుంటాదమ్మా. అది దానికి."

తర్వాత పది రోజులు ఆమె కుప్పం ఎలకల్ని కోసింది, లెక్కపెట్టింది, పట్టిక నింపింది. ఎప్పటిలాగే చేశాననుకుంది.

శుక్రవారం సార్ పట్టిక పట్టుకుని చిన్నపిల్లాడిలా వచ్చాడు.

"ఇది సూడు మునిరత్నమ్మా! ఎలకకి మదనపల్లెలో సగటున ఏడు పిల్లలు, పుంగనూరులో ఏడు, కుప్పంలో పది! ఆ మన్నులో ఎలకల కొమ్ములే మారతాండాయేమో. ఎన్ని తరాలు పట్టిందో! సోమారం బెంగళూరు పత్రికకి వ్యాసం పంపిస్తా."

ఆయన వెళ్లాక ఆమె కుప్పం సీసాల్లో మొదటిది తెరిచింది. నల్లవి ఏడు, లేతవి మూడు. పట్టికలో పది అని ఉంది, తన చేతిరాతతోనే. రెండో సీసా కూడా అంతే. మదనపల్లె సీసాలు తీసింది, సరిగ్గా ఉన్నాయి. పుంగనూరువీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క కుప్పం ఎలకలకే లేత చుక్కలన్నీ లెక్కలోకి ఎక్కాయి. అలా చెయ్యాలని ఏ క్షణంలోనూ అనుకున్న గుర్తు లేదు. తన కుర్చీలో, తన పెన్సిలుతో, తనకు తెలియకుండా ఎవరో పది రోజులు కూర్చుని వెళ్లినట్టుంది.

చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే ఆ పది అచ్చవుతుంది. ఎక్కడో ఒక పుస్తకంలో ఆ లేత చుక్కలన్నీ లెక్కలోకి వస్తాయి. ఆ ఆశ ఆమెను గంటసేపు కదలనివ్వలేదు. కానీ ఆ లెక్కలో అవి పుట్టినవిగా, ఏడ్చినవిగా, చేలల్లో పరిగెత్తినవిగా ఉంటాయి. అవి అలా లేవు. అవి ఎలా ఉన్నాయో అలా మళ్లీ ఎవరికీ కనిపించవు. అత్త మన్ను కప్పింది, ఇప్పుడు తను అంకె కప్పుతోంది.

లేచి సార్ బల్ల దగ్గరికి వెళ్లింది. "సార్, కుప్పం ఎలకల్లో ఏం మారలేదు. పుట్టనివాటిని గూడా కలిపి రాసినాను."

ఆయన ముఖం వాడిపోయింది. "రెండేండ్లలో ఒక్క తప్పు సెయ్యలేదే నువ్వు! ఒక్క కుప్పానికే యాల?"

దానికి జవాబు ఆ గదిలో చెప్పేది కాదు. సార్ రబ్బరు ఆమె ముందుకు జరిపాడు.

ఒక్కో సీసా మళ్లీ చూసి, ఒక్కో అంకె చెరిపి, సరైనది పక్కన రాసింది. సాయంత్రానికి పని అయిపోయింది. పట్టిక ఇచ్చేముందు అలవాటుగా దాన్ని కిటికీ వైపు ఎత్తింది. చెరిపిన ప్రతి చోటా కాగితం పలచబడి, పాత అంకె లేతగా కనిపిస్తోంది.

వెనకనుంచి సార్ కూడా చూశాడు. "ఇంగా కనపడతాండాయే. తెల్లకాగితం మీద మళ్లీ రాస్తావా?"

"వద్దు సార్," అంది మునిరత్నమ్మ, కాగితం దించకుండా. "ఉండనీండి."